తీగ ఒకటే, అమ్మేవారు పదిమంది: న్యూజెర్సీ కరెంటు వేలం గురించి ఒక పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాము. ఈ మధ్య ఒక మధ్యాహ్నం మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న యువకుడొకరు తలుపు తట్టి, బిల్లు ఇరవై శాతం తగ్గిస్తానని, ఒకసారి పాత బిల్లు చూపించమని అడిగాడు. ఇంట్లో ఉన్న మా అత్తయ్యగారు అతను కరెంటు ఆఫీసు మనిషే అనుకుని బిల్లు తెచ్చి ఇచ్చారు. అతను దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. మా మామయ్యగారు ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డులో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. "స్తంభం ఒకటి, తీగ ఒకటి, మీటరు ఒకటి అయినప్పుడు పదిమంది కరెంటు ఎలా అమ్ముతారు?" అని ఆయన రోజూ అడుగుతున్నారు. ఇక్కడ ఏటా వేలం వేసి కరెంటు కొంటారని కూడా విన్నాము. వేలం వేస్తే ధర తగ్గాలి కదా, మరి 2025 జూన్ నుంచి మా బిల్లు ఎందుకు పెరిగింది? కంపెనీ మారమంటారా?

సమాధానం: ముందుగా ఆ ఫొటో సంగతి చూడాలి, ఎందుకంటే మిగిలిన విషయాలు ఆగుతాయి గాని అది ఆగదు. మీ బిల్లు పీఎస్ఈ అండ్ జీ కంపెనీది అయితే, అందులో పీఈ అనే అక్షరాలతో మొదలయ్యే పొడవైన సంఖ్య ఒకటి ఉంటుంది. సరఫరాదారును మార్చడానికి కావలసిన కీలకమైన వివరం అదే. దాని ఆధారంగా ఎవరైనా మీ పేరున మార్పు కోరితే, పంపిణీ కంపెనీ నుంచి, అంటే మీ ఇంటికి తీగ వేసిన కంపెనీ నుంచి, మీకు నిర్ధారణ లేఖ వస్తుంది, ఆ లేఖ తేదీ నుంచి ఏడు రోజుల్లోగా మీరు కంపెనీకి ఫోను చేసి ఆ మార్పును రద్దు చేయించుకోవచ్చు. ప్రకటనల కాగితం అనుకుని ఆ లేఖను చెత్తబుట్టలో వేయవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. గడువు దాటిపోయిన తర్వాత తెలిసినా, మీ అంగీకారం లేకుండా జరిగిన మార్పు చట్టవిరుద్ధం కాబట్టి, రాష్ట్ర నియంత్రణ మండలి అయిన బోర్డ్ ఆఫ్ పబ్లిక్ యుటిలిటీస్‌కు, అంటే బీపీయూకు, ఫిర్యాదు చేయవచ్చు. అత్తయ్యగారిని మాత్రం తప్పు పట్టకండి. మన ఊళ్లలో కరెంటు బిల్లు అడిగే హక్కు కరెంటు ఆఫీసు వారికి తప్ప మరొకరికి ఉండేది కాదు, ఆ నమ్మకాన్ని వాడుకోవడమే ఇలాంటి అమ్మకందారుల పని.

ఇక మామయ్యగారి ప్రశ్నకు వస్తాను. ఆయన పనిచేసిన విద్యుత్ బోర్డును 1999 ఫిబ్రవరి 1న విడగొట్టి, ఉత్పత్తిని జెన్‌కోకు, మిగిలినదాన్ని ట్రాన్స్‌కోకు అప్పగించారు. ఆ తర్వాత ఎనిమిది రోజులకు, అంటే 1999 ఫిబ్రవరి 9న, న్యూజెర్సీలో అప్పటి గవర్నరు క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ కరెంటు వ్యాపారంలో పోటీని ప్రవేశపెట్టే చట్టంపై సంతకం చేశారు. రెండుచోట్లా ఆలోచన ఒక్కటే: కరెంటు తయారుచేయడం, దాన్ని ఇంటికి చేర్చడం వేర్వేరు పనులు కాబట్టి రెంటినీ ఒకే చేతిలో ఉంచనక్కరలేదు. మన దగ్గర ఆ తర్వాత పంపిణీని డిస్కంలకు అప్పగించినా, ఇళ్లకు కరెంటు అమ్మే పని కూడా ఆ డిస్కంల దగ్గరే ఉండిపోయింది. న్యూజెర్సీ మరో అడుగు వేసి, తీగను కంపెనీ దగ్గరే ఉంచి, తీగలో పారే సరుకును ఎవరి దగ్గర కొనాలో ఎంచుకునే స్వేచ్ఛను ఇంటివారికి ఇచ్చింది.

తీగ ఒకటే అయినా అమ్మేవారు ఎంతమంది అయినా ఉండవచ్చునని అర్థం కావాలంటే పల్లెలోని పాల కేంద్రాన్ని గుర్తు చేసుకుంటే చాలు. ఇరవై మంది రైతులు తెచ్చిన పాలను ఒకే క్యానులో పోస్తారు, ఎవరి గేదె పాలు ఎవరి ఇంటికి చేరాయో ఎవరూ చెప్పలేరు, కాని ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, ఎవరు ఎన్ని లీటర్లు తీసుకున్నారో పుస్తకంలో ఉంటుంది, డబ్బు ఆ పుస్తకం ప్రకారమే చేతులు మారుతుంది. కరెంటులో ఆ పుస్తకం రాసేది పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ దగ్గర ఉన్న పీజేఎం అనే సంస్థ. న్యూజెర్సీతో కలిపి పదమూడు రాష్ట్రాల్లోనూ వాషింగ్టన్ నగరంలోనూ గ్రిడ్‌ను నడిపేది అదే. మీరు ఏ కంపెనీకి డబ్బు కట్టినా మీ ఇంట్లో వెలిగే దీపానికి వచ్చే కరెంటు మారదు, పుస్తకంలో పేరు మాత్రమే మారుతుంది. గాలివానకు తీగ తెగితే నిచ్చెన వేసుకుని వచ్చేది కూడా ఆ పాత పంపిణీ కంపెనీ మనుషులే.

అందువల్ల మీ బిల్లులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి డెలివరీ, అంటే తీగల అద్దె. అది బీపీయూ నిర్ణయించిన ధర, దానిలో పోటీ లేదు. రెండవది సప్లై, అంటే సరుకు ధర. పోటీ అంతా ఈ రెండవ భాగంలోనే. మీ ఇంటికి వచ్చిన యువకుడి మాటను ఇక్కడే తూకం వేయవచ్చు. లెక్క కోసం మీ బిల్లు 200 డాలర్లు అనుకుందాము, అందులో సరుకు ధర 120, తీగల అద్దె 80 అనుకుందాము. మొత్తం బిల్లులో ఇరవై శాతం అంటే 40 డాలర్లు. తీగల అద్దెను అతను ముట్టుకోలేడు కాబట్టి ఆ 40 డాలర్లూ సరుకు ధరలోనే తగ్గించాలి, అంటే మూడోవంతు తగ్గించాలి. టోకు బజారులో అందరూ ఒకే చోట కొనే సరుకును ఒకరు మిగిలినవారికన్నా మూడోవంతు చౌకగా ఎలా ఇవ్వగలరో అతన్నే అడిగి ఉండవలసింది.

చాలామందికి తెలియని అసలు విషయం ఏమిటంటే, మీరు ఏ కంపెనీనీ ఎంచుకోకుండా ఊరుకున్నా మీరు కడుతున్న సరుకు ధర పోటీలో తేలిన ధరే. ఇంటికి వచ్చే అమ్మకందారు తాను గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టడానికి వచ్చినట్టు మాట్లాడతాడు గాని, అతను పోటీ పడుతున్నది మీరు విన్న ఆ ఏటేటి వేలంలో తేలిన ధరతోనే. ఆ ఏర్పాటు పేరు బేసిక్ జనరేషన్ సర్వీస్, క్లుప్తంగా బీజీఎస్. 2002 ఫిబ్రవరిలో మొదటిసారి జరిగిన ఆ వేలం అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో జరుగుతోంది. రాష్ట్రంలోని నాలుగు పంపిణీ కంపెనీలు, అంటే పీఎస్ఈ అండ్ జీ, జేసీపీ అండ్ ఎల్, అట్లాంటిక్ సిటీ ఎలక్ట్రిక్, రాక్‌లాండ్ ఎలక్ట్రిక్, తమ ఖాతాదారులకు కావలసిన కరెంటును కలిసికట్టుగా అందులో కొంటాయి. వేలాన్ని నిర్వహించేది కొనేవారూ కాదు, అమ్మేవారూ కాదు, నెరా అనే ఆర్థిక సలహా సంస్థ.

ఇది మామిడి తోట పాటలా పైకి పోయే పాట కాదు, కిందికి దిగే పాట. చిట్టీ పాట పాడినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది: ఎవరు తక్కువ మొత్తానికి ఒప్పుకుంటే వారిదే చిట్టీ. ఇక్కడ ఒక్కొక్క కంపెనీకి కావలసిన కరెంటును వాటాలుగా కోస్తారు. ఒక్కో వాటా సుమారుగా వంద మెగావాట్ల గరిష్ఠ అవసరానికి సరిపడేలా ఉంటుంది. మొదట కావాలనే ఎక్కువ ధర ప్రకటించి, ఈ ధరకు ఎవరెన్ని వాటాలు సరఫరా చేస్తారో చెప్పమంటారు. ఒక కంపెనీకి 28 వాటాలు కావాలి అనుకుందాము, ఆ ధరకు 45 వాటాలకు ముందుకు వచ్చారు అనుకుందాము. అవసరానికి మించి ఉంది కాబట్టి తర్వాతి విడతలో ధరను కొద్దిగా తగ్గిస్తారు. కొందరు పక్కకు తప్పుకుంటారు, కొందరు ఒక కంపెనీ వాటాలను వదిలి ధర బాగున్న మరొక కంపెనీ వాటాల వైపు మళ్లుతారు. నాలుగు కంపెనీల పాటలూ ఏకకాలంలో నడపడంలోని కిటుకు ఇదే. ఇలా విడత తరువాత విడతగా దిగుతూ, ప్రతి కంపెనీ దగ్గరా ఎన్ని వాటాలు కావాలో అన్నే మిగిలినప్పుడు పాట ఆగుతుంది. అక్కడ ఆగిన ధరే ఆ కంపెనీకి సరఫరా చేసే విజేతలందరికీ చెల్లుతుంది. ఒక్కరే వాటాలన్నీ ఊడ్చుకుపోకుండా పరిమితి ఉంటుంది, ఫలితాలను రెండు పని దినాల్లోపల బీపీయూ ఆమోదించడమో తోసిపుచ్చడమో చేయాలి.

గెలిచినవారు అమ్మేది యూనిట్లను మాత్రమే కాదు. వంద ఇళ్లలో ఇరవై ఇళ్లు వేరే సరఫరాదారు దగ్గరికి వెళ్లిపోయినా, ఎండ మండి అందరూ ఏసీలు వేసుకున్నా, ఆ వాటాకు ఎంత కావలసి వస్తే అంతా ఒప్పుకున్న ధరకే ఇవ్వాలి. చట్టం కోరిన మేరకు సౌర, పవన విద్యుత్తు లెక్క కూడా వారే చూపాలి. ఈ అనిశ్చితిని మోసినందుకు వారు ధరలో కొంత కలుపుకుంటారనడంలో సందేహం లేదు, ఈ పద్ధతిని విమర్శించేవారు ఎత్తిచూపేది కూడా దీన్నే. ఆ విమర్శలో నిజముందని నేనూ ఒప్పుకుంటాను, అయినా ఇల్లు నడిపేవారికి ఆ కొంత సొమ్ము దండగ కాదని 2014 జనవరి నిరూపించింది. ఆ నెల 7వ తేదీన ధ్రువప్రాంతపు చలి దిగివచ్చి, పీజేఎం పరిధిలోని ఉత్పత్తి సామర్థ్యంలో సుమారు 22 శాతం మొరాయించి, టోకు ధరలు ఆకాశాన్ని అంటాయి. నెలనెలా మారే ధరకు బయటి కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్న ఇళ్లకు ఆ తర్వాత వచ్చిన బిల్లులు చూసి జనం నివ్వెరపోయారు. అదే వీధిలో బీజీఎస్‌లో ఉన్న ఇంటికి వాడకం పెరిగి ఉండవచ్చు గాని, యూనిట్ ధర ఆ నెలలో పైసా కూడా కదలలేదు. మామయ్యగారికి చెప్పండి, ఇక్కడి కిలోవాట్ అవర్ అంటే మన యూనిట్టే.

అలా కదలకపోవడానికి మరొక కారణం ఉంది. గృహాలకు, చిన్న దుకాణాలకు కావలసిన కరెంటు మొత్తాన్ని ఒకే ఏడాది కొనరు. ఏటా మూడోవంతు మాత్రమే, మూడేళ్ల కాలానికి కొంటారు. 2025 జూన్ నుంచి 2026 మే వరకు మీరు కట్టిన ధర 2023, 2024, 2025 వేలాల సగటు. ఏ ఒక్క ఏడాది బజారు మండినా దాని వేడి మూడోవంతే తగులుతుంది, దానికి తగినట్టుగానే, బజారు చల్లబడినప్పుడు ఆ చలువ కూడా మూడోవంతే తగులుతుంది. పెద్ద పరిశ్రమలకు ఈ గొడుగు లేదు, వారి ధర గంటగంటకూ బజారుతో మారుతుంది.

అలా అయితే 2025 జూన్‌లో నాలుగు కంపెనీల ఖాతాదారుల బిల్లులూ సుమారు 17 నుంచి 20 శాతం దాకా ఎందుకు పెరిగాయన్నది మీ ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు న్యూజెర్సీ వేలంలో కాక, దానికి వెనుక ఉన్న మరొక వేలంలో ఉంది. పీజేఎం రాబోయే ఏడాది ఎండాకాలపు గరిష్ఠ అవసరానికి కావలసిన ప్లాంట్లు సిద్ధంగా ఉండేలా వాటికి ముందుగా కొంత సొమ్ము కడుతుంది. పెళ్లికి వంటవాళ్లకు బయానా ఇచ్చినట్టన్నమాట, వండిన భోజనం ఖర్చు వేరు. దీన్ని కెపాసిటీ ధర అంటారు. 2024-25 కాలానికి ఆ ధర పీజేఎంలో చాలాచోట్ల మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్లు. న్యూజెర్సీ ఉన్న తూర్పు ప్రాంతంలో అంతకన్నా కొంత ఎక్కువ. 2024 జూలైలో జరిగిన వేలంలో 2025-26 కాలానికి అది 269.92 డాలర్లకు ఎగబాకింది. మండుటెండల్లో నాలుగు కిలోవాట్లు లాగే ఇంటికి ఇది స్థూలంగా ఏడాదికి 394 డాలర్ల భారం. పాత ప్లాంట్లు మూతపడటం, డేటా సెంటర్ల కోసం గిరాకీ అంచనాలు పెరగడం, చలిలో మొరాయించే ప్లాంట్లకు లెక్కలో విలువ తగ్గించడం, ఈ మూడూ కలిసివచ్చాయి. పైగా అంతకు ముందు సంవత్సరాల్లో పీజేఎం వేలాలు వాయిదాలు పడినందువల్ల, న్యూజెర్సీ పాత ఒప్పందాల్లో కెపాసిటీ ధర స్థానంలో ఒక తాత్కాలిక అంకె వేసి, అసలు ధర తెలిశాక సర్దుబాటు చేసుకునే షరతు పెట్టారు. కొత్తగా కొన్న మూడోవంతుతో ఆగక, పాత వాటాల మీద కూడా భారం పడటానికి ఇదొక కారణం.

ఆ తర్వాత కూడా ఆ ధర దిగలేదు. పెన్సిల్వేనియా గవర్నరు జాష్ షపీరో ఫిర్యాదుతో పీజేఎం ధరకు పైకప్పు వేసింది, తర్వాతి రెండు వేలాలూ ఆ కప్పుకు తగిలే ఆగాయి: 2026-27కు 329.17 డాలర్లు, 2027-28కు 333.44 డాలర్లు. ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఒకటే. కెపాసిటీ ఖర్చును తప్పించుకోగల చిల్లర సరఫరాదారు పీజేఎం పరిధిలో ఎవరూ లేరు. అతనికీ అదే ధర, బీజీఎస్ విజేతకూ అదే ధర. ఇంటింటికీ తిరిగే మనుషుల జీతాలు, కమీషన్లు మాత్రం అతనికి అదనం. అందుకే తాను చౌక అని నిరూపించుకోవలసిన భారం ఎప్పుడూ అతనిదే.

పంపిణీ కంపెనీ సంగతి కూడా ఒక మాట. సరుకు ధరను అది ఖాతాదారుల దగ్గర వసూలు చేసి సరఫరాదారుకు చెల్లిస్తుంది గాని, దాని మీద లాభం తీసుకోదు. మీరు మారినా మారకపోయినా దానికి ఒకటే. కాబట్టి మారినందుకు కరెంటు ఆఫీసు వారు మనసులో పెట్టుకుంటారేమోనన్న భయం అనవసరం. టెక్సాస్‌లోని డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో ఉన్న మీ బంధువులు కంపెనీని ఎంచుకోక తప్పదని చెబితే వారి మాటా నిజమే. అక్కడ పోటీ ఉన్న ప్రాంతాల్లో బీజీఎస్ వంటి ఏర్పాటు లేదు, ఇల్లు మారిన రోజే కంపెనీని ఎంచుకోవాలి. వారి అనుభవాన్ని ఇక్కడికి తెచ్చుకోకండి.

మారకూడదని నేను అనడం లేదు. నిజంగా తక్కువ ధర దొరికే సందర్భాలు ఉంటాయి, ముఖ్యంగా బజారు పడిపోయి, మూడేళ్ల సగటు ఇంకా పాత ఎత్తులోనే ఉన్నప్పుడు. చూడవలసింది బిల్లులో ప్రైస్ టు కంపేర్ పేరుతో ఉండే అంకె. ఎవరైనా ఇచ్చే ధరను దానితోనే పోల్చాలి. ఇక్కడ మనవాళ్లు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. బీజీఎస్ ధర జూన్ 1న మారుతుంది, పైగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు వేసవి ధర వేరుగా ఉంటుంది, పీఎస్ఈ అండ్ జీ ఖాతాదారులు నెలకు 600 యూనిట్లు దాటితే ఆపై యూనిట్లకు మరొక ధర. ఏప్రిల్‌లో వచ్చిన అమ్మకందారు ఏప్రిల్ ధరతో పోల్చి చూపిస్తే అది సగం లెక్కే. కొత్త ధర ఎటు పోతుందో ఫిబ్రవరి ఫలితాల్లోనే బయటపడి ఉంటుంది కాబట్టి, ఆ ఏడాది జూన్ తర్వాతి అంచనాను అడగండి. కాంట్రాక్టు సారాంశం కాగితం మీద తీసుకుని, ధర ఎన్ని నెలలు స్థిరమో, ఆ తర్వాత దానంతట అది నెలనెలా మారే ధరలోకి జారుతుందో లేదో, మధ్యలో వదిలితే జరిమానా ఎంతో చదవండి. గిఫ్టు కార్డు ఇస్తామన్న చోట ఈ మూడూ రెండుసార్లు చదవండి. ఎప్పుడైనా తిరిగి బీజీఎస్‌లోకి రావడానికి పంపిణీ కంపెనీ మీ దగ్గర రుసుము తీసుకోదు. జరిమానా ఉంటే అది బయటి కంపెనీ కాంట్రాక్టులోదే.

మీ ఊరి మున్సిపాలిటీ నుంచి ఎప్పుడైనా ఒక లేఖ వస్తే దాన్ని వీటితో కలపకండి. ఊరంతా కలిసి టోకున కరెంటు కొనే పథకం న్యూజెర్సీలో చట్టబద్ధం. అలాంటి పథకంలో ఇళ్లను దానంతట అదే చేర్చి, వద్దన్నవారికి బయటికి వెళ్లే గడువు ఇస్తారు. దానిలో కూడా ధరను, కాలాన్ని చూసుకోవాలి, కాని అడిగేది మున్సిపాలిటీ కాబట్టి జవాబు చెప్పేవారు ఎవరో తెలుస్తుంది.

మీ విషయంలో నా సలహా ఇది: నిర్ధారణ లేఖ కోసం కాచుకుని ఉండండి, ఈ నెల, వచ్చే నెల బిల్లుల్లో సప్లై భాగం పక్కన ఎవరి పేరుందో మామయ్యగారి చేత చదివించండి. పంపిణీ కంపెనీ పేరే ఉంటే మీరు ఇంకా బీజీఎస్‌లోనే ఉన్నట్టు. మరొక పేరు కనిపిస్తే ఆ రోజే పంపిణీ కంపెనీకి ఫోను చేసి, తిరిగి బీజీఎస్‌కు మార్చమని చెప్పి, ఆ తర్వాత బీపీయూకు ఫిర్యాదు రాయండి.